వస పోసిన చెయ్యి

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?" అని డాక్టరమ్మ అడిగింది. కొత్తగూడ చౌరస్తాలో, ఫ్లైఓవర్ పక్కన అద్దాల బిల్డింగ్‌లో, చల్లటి గదిలో. నా మనవరాలు అప్పటికే ఆమె టేబుల్ మీద పెన్నులన్నీ కింద పోసి, కిటికీ తెర పట్టుకుని వేలాడుతోంది. మా కోడలు చప్పున "లేదండీ, మా రెండు వైపులా ఎవరికీ లేదండీ" అంది. ఆమెది కాకినాడ. పరువుగల ఇల్లు.

"నాకుంది. నాకంటే ముందు మా మేనత్తకు ఉండేది" అన్నాను. కోడలి మొహం మాడిపోయింది.

మందుల సంగతి తర్వాత చూద్దామని డాక్టరమ్మ చెప్పింది. ముందు పొద్దున్నే పిల్లను బాగా పరుగెత్తించండి, చేతులకు పని ఇవ్వండి, చదువు మధ్యలో లేవనివ్వండి, వేళకు పడుకోబెట్టండి అంది. మంచి మాటలే. కోడలు ఫోన్లో రాసుకుంటోంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. డాక్టరమ్మ మీద కాదు. ఇదే కొత్తగూడ పల్లెగా ఉన్న రోజుల్లో ఒకామె ఇవన్నీ నాతో చేయించింది. చేయించినందుకు మావాళ్లు ఆమెకు ఏం కట్టబెట్టారో గుర్తొచ్చి మండింది.

మా మేనత్త పేరు చెప్పను. బతికినన్నాళ్లూ ఆమెను పేరుతో పిలిచిన నాథుడు లేడు. ఊళ్లో 'తిక్కది', ఇంట్లో 'అది'. చచ్చి ఇన్నేళ్లయ్యాక నేను పేరు రాసి ఉద్ధరించేదేముంది.

నాకు బుద్ధి తెలిసేనాటికి ఆమె మా ఇంట్లోనే ఉంది. అత్తగారింటి వాళ్లు వాపస్ పంపేశారు. దొంగతనం చేసిందని కాదు, ఎవరితోనో పోయిందని కాదు. ఒక్క చోట నిలవదని. పొయ్యి మీద పాలు పెట్టి గొడ్డుకు మేత వేయడానికి పోయేది. అక్కడ నుంచి బావి దగ్గరికి, బావి దగ్గర నుంచి ఎవరి గొడవో వినడానికి. ఈలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. మా ఇంట్లోనూ అంతే. చీపురు వాకిలి నడిమధ్యలో, చేద బావి గట్టు మీద, విసిరిన పిండి తిరగలి చుట్టూ. ఆ వస్తువులను చూసుకుంటూ పోతే ఆమె ఎటు పోయిందో చెప్పొచ్చు.

అన్నం కూడా కూర్చుని తినేది కాదు. గిన్నె చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ, కోడికో ముద్ద, తనకో ముద్ద. మా నాయనమ్మ, అంటే ఆమెను కన్నతల్లి, గుమ్మంలో కూర్చుని అరిచేది.

"తిండికాడనన్న కూసో. కాలుగాలిన పిల్లి లెక్క ఆ తిరుగుడేంది?"

"కూసుంటె ముద్ద దిగదే అవ్వా" అనేది ఆమె, ఆగకుండానే.

నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటి ముసలాయన అరుగు మీద నుంచి "తిరిగి చెడింది ఆడది, తిరగక చెడిండు మొగోడు" అని సామెత విసిరితే, "మరి నువ్వెన్నేండ్ల సంది గా అరుగు మీద కూసోని చెడుతున్నవ్ పెద్దయ్యా?" అని విసురుగా వెళ్లిపోయేది. చావు ఇంట్లో నవ్వొస్తే ఆపుకోలేక, కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తేది. ఒకసారి నన్ను చెరువు కట్ట మీద కూర్చోబెట్టి, మరిచిపోయి ఇంటికొచ్చేసింది. దేవత అని చెప్పడం లేదు. చెయ్యి కూడా విసురే, ఠపీమని పడేది.

నేను అచ్చం ఆమే. మేనత్త పోలిక అంటారు కదా, ముక్కూ మొహమే కాదు, నాకు కాళ్లు కూడా ఆమెవే వచ్చాయి. ఒక్క క్షణం ఊరుకునేదాన్ని కాదు. చెట్టెక్కితే దిగను, మాట మొదలుపెడితే ఆపను, చెప్పిన పని ఇటు విని అటు మరిచేదాన్ని. వసపిట్ట అనేవాళ్లు. పసిపిల్లకు మాట బాగా రావాలని వసకొమ్మును సానరాయి మీద అరగదీసి, తేనెతో కలిపి నాలుకకు రాస్తారు. వస పోయడం అంటారు దాన్ని. మోతాదు దాటితే పిల్ల వాగుడుకాయ అవుతుందని, నిలకడ ఉండదని మావాళ్ల నమ్మకం. మా ఇళ్లల్లో పిల్లను తొట్టెల్లో, అంటే ఊయల్లో, వేసిన రోజున ఆ వస పోసే హక్కు మేనత్తది.

అమ్మా నాయనమ్మా నాకు చేయని వైద్యం లేదు. నెత్తికి ఆముదం, కడుపుకు ఆముదం, మెడలో తాయెత్తు. దర్గాకు తీసుకుపోయి నెమలీకలతో కొట్టించారు. బెల్లం మాన్పించారు. నేను మాత్రం ఆముదం వాసన వేసుకుంటూ అలాగే దూకేదాన్ని.

అందరికీ అంత పట్టింపు ఎందుకంటే, మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి ఆడపిల్లను నేను. అమ్మ ఏడ్చి, అలిగి, పస్తులుండి నన్ను బడిలో వేయించింది. బడిలో కూర్చోగలిగితే చదువు. లేకపోతే కలుపు తీయడానికి పొలం, ఆ తర్వాత పెళ్లి. అందుకే నేను కూర్చోగలనా లేదా అన్నది మా ఇంట్లో పెద్ద విషయం అయింది.

సారుది కృష్ణా జిల్లా. చెడ్డవాడు కాదు, అలిసిపోయిన మనిషి. నాయనను పిలిపించి చెప్పాడు. "పిల్లకు బుర్ర ఉందండి. కానీ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంటుందండి. మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఈ అమ్మాయిని చూసి మిగతావాళ్లూ లేస్తున్నారు. కుదురుగా ఉంటేనే పంపించండి, లేదంటే మాన్పించెయ్యండి."

నాయన ఇంటికొచ్చి అమ్మను తిట్టాడు. అమ్మ నన్ను కొట్టింది. మేనత్త మాత్రం వాకిట్లో తిరుగుతూ అంతా విని, మర్నాడు పొద్దు పొడవకముందే నన్ను రెక్క పట్టి లేపింది.

ఆమెకు ఏదో తెలిసి చేసింది కాదు. తనకు తిక్క లేచినప్పుడు ఏం చేస్తే దిగేదో అదే నాతో చేయించింది. నా నెత్తి మీద పేడ గంప పెట్టి పొలం దాకా నడిపించేది. తిరిగి వచ్చేటప్పుడు గట్ల మీద ఉరికించేది. గోడలకు పూసే ఎర్రమన్ను తడిపి, మోకాళ్ల దాకా తొక్కించేది. ఆ తొక్కుతున్నప్పుడే ఎక్కాలు చెప్పమనేది. ఆమెకు ఎక్కాలు రావు. నేను తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా "ఊఁ, మంచిగ తొక్కు" అనేది. తర్వాత బావి దగ్గర చన్నీళ్లు గుమ్మరించి, జొన్నరొట్టె చేతిలో పెట్టి బడికి పంపేది. సాయంత్రం కథ వినాలంటే చేతిలో జనపనార ఉండాలి. నేను తాడు పేనుతుంటే ఆమె అటూ ఇటూ తిరుగుతూ కథ చెప్పేది. కథ సగంలో వదిలేసేది, అది వేరే సంగతి.

ఒకరోజు బడికి కూడా వచ్చింది. గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"సారూ, దీనికి జర పని చెప్పుండ్రి. నీళ్లు తెమ్మనుండ్రి, బల్ల తుడువమనుండ్రి. ఊకె కూసోమంటె కూసోదు. పని చేసొస్తె కూసుంటది."

"ఇది బడమ్మా, పొలం కాదు" అన్నాడు సారు. కానీ మర్నాటి నుంచి కుండలో నీళ్లు నింపే పని నాకే ఇచ్చాడు. నల్లబల్ల తుడిచే పని కూడా.

నిజం చెప్తున్నాను, నేను కూర్చున్నాను. బడి ఉన్నంతసేపూ కాదు, కానీ పాఠం చెవికెక్కేంతసేపు కూర్చున్నాను. చదవడం వచ్చింది. నాయన తెచ్చిన బెల్లం పొట్లం కాగితం మీది అక్షరాలు కూడబలుక్కుని చదివితే అమ్మ ఏడ్చింది. మేనత్త "ఇంకోపాలి సదువు, ఇంకోపాలి" అంటూ నా చుట్టూ తిరిగింది. ఆ యేడు నేను సంతోషంగా ఉన్నాను. నా బతుకులో బడి అంటే ఆ ఒక్క యేడే.

బడికి ఇనస్పెక్టరు తనిఖీకి వచ్చేముందు మేనత్తకు జ్వరం పట్టుకుంది. మూసిన కన్ను తెరవలేదు. పొద్దున పొలం లేదు, మన్ను తొక్కడం లేదు. అందరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఇనస్పెక్టరు ఏదో అడుగుతున్నాడు. బయట గుట్ట మీద ఎవరో మేకను తరుముతున్నారు. నేను లేచి, కిటికీలోంచి దూకి, మేక వెనక పోయాను. దూకాలని అనుకోలేదు. దూకాక తెలిసింది.

సారు కాగితం ఏమీ రాయలేదు, కేకలు వేయలేదు. సాయంత్రం ఇంటికొచ్చి నాయనతో "ఇంక నా వల్ల కాదండి, ఏమనుకోకండి" అని వెళ్లిపోయాడు. అమ్మ సారు వెనకే వీధి మలుపు దాకా పోయి బతిమాలింది. నయం చేయించి పంపిస్తామంటే, అయితే అప్పుడు చూద్దామన్నాడట.

నయం చేయడానికి చురకలు పెట్టే మనిషిని పిలిపించారు. మూర్ఛకూ కామెర్లకూ ఊరూరా తిరిగి చురకలు పెట్టేవాడు. పొద్దున్నే పశువుల కొట్టం ముందు పిడకలు రాజేసి కొడవలి కాల్చాడు. నాయన నా రెండు చేతులూ వెనక్కి పట్టుకున్నాడు. నాయనమ్మ నా లంగా పైకి లాగి పిక్కలు చూపించింది. కాళ్లకే పెట్టాలన్నాడు ఆ మనిషి, తిరుగుడు కాళ్లల్లోనే ఉందని. అమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను ఏడవడం మరిచిపోయి కొడవలినే చూస్తున్నాను. ఎర్రగా ఉంది.

జ్వరం తగ్గి ఇంకా తూలుతున్న మేనత్త కొట్టం వెనక నుంచి వచ్చింది. అరవలేదు. నేరుగా వచ్చి మంటకూ నాకూ మధ్య నిలబడింది.

"దేనికి పెడుతున్నవయ్యా?"

"గాలి చేష్ట. కాళ్లకెక్కింది" అన్నాడతను.

"గాలి లేదు గీలి లేదు. పిల్లకు వస ఎక్కువైంది. నేనే పోసిన. మేనత్తను గద, తొట్టెల్ల ఏసిన్నాడు నేనే పోసిన. జర్రంత అరగదీయాలె, నా చెయ్యి ఆగలే. కొమ్మంత అరగదీసి నాలికకు రాసిన."

అతను కొడవలి దించాడు. నాయన వైపు చూశాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా? వసకు చురక పని చెయ్యదు. అది ఒంట్ల గలిసిపోయిందాయె."

"మరెట్ల?" అన్నాడు నాయన.

"పోసిన చెయ్యి దూరముండాలె. ఆమె నీడ పిల్ల మీద పడొద్దు. మెల్లమెల్లగ అదే దిగుతది."

మేనత్త ఆ మాట ఊహించలేదు. ఆమె మొహం నేను చూశాను. చురక ఆపాలన్నంత వరకే ఆమె ఆలోచన, అక్కడితో ఆగింది. ఏ పనైనా సగంలో వదిలేసినట్టే ఈ అబద్ధం కూడా సగం దాకానే ఆలోచించుకుంది. నాయన వైపు చూసింది, నాయనమ్మ వైపు చూసింది. ఇద్దరూ నేల చూపులు చూశారు.

"మరి గంతే చెయ్యాలె గదా అక్కా" అన్నాడు నాయన చివరికి.

ఆ వారమే ఆమెను పుప్పాలగూడలో దూరపు చుట్టాల ఇంటికి పంపించారు. నాయన బండి కట్టాడు. ఆమె ఎక్కింది, ఊరు దాటకముందే దిగింది. కూర్చోలేనంది. తన మూట ఒక్కటీ బండిలో పోతుంటే, ఆమె ఎద్దుల పక్కన నడుచుకుంటూ పోయింది. నన్ను ఇంట్లో పెట్టి గొళ్లెం వేశారు, ఆమె నీడ పడకూడదని.

ఆ తర్వాత నేను నిజంగానే కుదురుకున్నాను. తిండి మీద బుద్ధి లేదు, ఆట మీద బుద్ధి లేదు. కూర్చోబెట్టిన చోట కూర్చునేదాన్ని. నాకు దిగులు పట్టిందని ఎవరూ అనలేదు. వస దిగిందన్నారు. అమ్మ పోచమ్మకు బోనం ఎత్తింది. సారు మళ్లీ బడికి రానిచ్చి, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి మిగతా పిల్లలకు చూపించాడు. మా ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లలో కూడా చెప్పుకున్నారు, తిక్కది పోయింది, పిల్ల బాగుపడిందని. బాగుపడిన పిల్లకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. రాయిలా కూర్చుంటే చదువు వస్తుందని ఎవరు చెప్పారో వీళ్లకు. ఐదో తరగతి తప్పాను. మళ్లీ తప్పాను. ఆడపిల్లకు ఈమాత్రం చాలని మాన్పించారు. కలుపు తీయడానికి పొలానికి పోయాను. నెమ్మదస్తురాలని మంచి సంబంధం వచ్చింది. నా చేతుల్లో జీవం లేదని, నవ్వడం మరిచిపోయానని పెళ్లిచూపుల్లో ఎవరికీ లోటుగా తోచలేదు.

నా మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. అప్పటికి నాయనమ్మ పోయింది. అమ్మ, పుట్టబోయే బిడ్డ కోసమని వసకొమ్ము గుడ్డలో చుట్టి దాస్తోంది.

"ఈపాలి జాగ్రత్తగ పోయాలె అమ్మా. అత్త నాకు పోసినట్టు కాకుండ" అన్నాను ఎత్తిపొడుపుగా.

అమ్మ చేతిలో పని ఆపలేదు. "మీ అత్త యాడ పోసింది? నిన్ను తొట్టెల్ల ఏసిన్నాడు అది అత్తగారింట్లనే ఉండె. వాళ్లు తోలియ్యలే. దాని బదులు మీ నాయనమ్మ పోసింది, అది కూడ ఏదో రాసిన్ననిపిచ్చింది."

"నాయినకు తెల్వదా?"

"తెల్వకేం? అందరం ఆడనే ఉంటిమి గదా."

ఇంత మామూలుగా చెప్పింది. అందరికీ తెలుసు. కన్నతల్లికి తెలుసు, తమ్ముడికి తెలుసు, తలుపు వేసుకున్న మా అమ్మకూ తెలుసు. ఆమె అబద్ధం అడ్డం పెట్టుకుని, ఇంటి మీద భారంగా ఉన్న తిక్కదాన్ని వదిలించుకున్నారు. వాళ్ల పాపాన వాళ్లే పోయారు కాబట్టి తిట్టను అనుకుంటాను కానీ, ఇప్పటికీ నోట్లో తిట్లే వస్తాయి.

మర్నాడు నిండు కడుపుతో రాళ్ల బండి ఎక్కి పుప్పాలగూడ పోయాను. అమ్మ వద్దంటే వినలేదు. చాలా ఏళ్ల తర్వాత నేను ఎవరి మాటా వినకుండా చేసిన పని అదే.

మేనత్త రాళ్ల గని దగ్గర ఉంది. ఒక్క నిమిషం కూర్చోలేని మనిషి, ఎండలో కూర్చుని, ఒడిలో గోనెసంచి వేసుకుని, సుత్తితో కంకర కొడుతోంది. చుట్టాలు ఆ పనిలో పెట్టారు. జుట్టు మీదంతా రాతి పొడి. నన్ను గుర్తుపట్టడానికి ఎంతసేపో పట్టింది. గుర్తుపట్టాక లేచింది. నేను ముందుకు వస్తుంటే ఆమె వెనక్కి జరిగింది.

"ఆడనే నిలబడు బిడ్డా. దగ్గరికి రాకు."

"ఎందుకత్తా?"

"మంచిగైనవట గద. అందరు చెప్పిండ్రు. నేను అటు పోంగనే నువ్వు ఇటు మంచిగైనవట. బడిల ముందట కూసుంటివట." ఆమె కళ్లు నా కడుపు మీద ఉన్నాయి. మొహం వెలిగిపోతోంది. "నాకు గంతే చాలు."

"నేనేం మంచిగ కాలే అత్తా. అందరు అబద్ధం చెప్పిండ్రు. నువ్వు పోయినంక నాకు సదువే రాలే. ఏదీ రాలే."

ఆమె నమ్మలేదు. చిన్నపిల్ల మారాం చేస్తే నవ్వినట్టు నవ్వింది. అప్పుడు ఏడుస్తూ అడిగేశాను. "నా బిడ్డను తొట్టెల్ల ఏసిన్నాడు నువ్వే రావాలె. నువ్వే వస పొయ్యాలె. నన్ను తొట్టెల్ల ఏసిన పొద్దు నువ్వు నాకు వస పొయ్యనే లేదట. నువ్వు ఊళ్లెనే లెవ్వట. అమ్మ చెప్పింది. నీ చేతిల ఏ తప్పు లేదత్తా."

ఆమె తన రెండు చేతులూ చూసుకుంది. కంకర కొట్టి కొట్టి గాయాలైన చేతులు. వాటిని కొంగు కింద దాచుకుంది.

"వస ముట్టకుంటనే నిన్ను గంత పరేషాన్ చేసిన గద బిడ్డా" అంది. "ఇగ ముట్టుకుంటె ఎట్లుంటదో సూడు."

నేను ఇంకో అడుగు వేశాను. ఆమె రాళ్ల కుప్ప అవతలికి పోయింది.